పాత పందెపు బండియా? క్రొత్త సాదా బండియా?



మీ గ్రామములనుండి పట్నమునకు వచ్చి ఉద్యోగములు చేసికొనుచున్న పిల్లలు మిమ్ములను అడుగు సొమ్ములలో కారు కొరకు అడుగునది ఒకటి. పూర్వము సైకిలుకు అడిగిరి. తరువాత మోటారు సైకిలుకు అడిగిరి. ఇప్పుడు కారుకు అడుగుచున్నారు. అందులో తప్పేమియు లేదు. అయితే వారు పంపు ఫోటోలో తరచుగా ఎర్రనిది, నేలకు అణగినది, వెడల్పు చక్రములది యగు బండి యొకటి కనబడును. "ధర అయిదున్నర లక్షలే, క్రొత్తగా ఉన్నప్పుడు పండ్రెండు లక్షలు" అని క్రింద వ్రాసి యుండును. అంతే ధరకు షోరూములో క్రొత్త బండియు దొరకును గాని, అది చిన్నది, అలంకారములు లేనిది, ఆ పేరుగల బండ్లలో మొదటి మెట్టునకు చెందినది. దానిని బేసు మోడలందురు. ఈ రెంటిలో ఏది కొనవలెనను ప్రశ్న మొన్న నా యింటికే వచ్చెను. దానిని మేమెట్లు తేల్చుకొంటిమో మీకు మనవి చేసెదను.

నా మేనల్లుడు శంషాబాదు విమానాశ్రయమున సరకుల విభాగములో రాత్రి పనికి పోవును. అతని కాపురము హైదరాబాదు పాతబస్తీలోని లాల్ దర్వాజాలో, మా యింటికి రెండు సందుల అవతల. మా బావగారిది నల్లగొండ జిల్లా. అయిదెకరముల పత్తిమీదను, పాడిమీదను నాలుగేండ్లు కూడబెట్టి ఆరు లక్షల రూపాయలు కుమారుని చేతికిచ్చిరి. మా అక్కగారిని నెలకొక పర్యాయము గుండె పరీక్షకు తీసికొని పోవలెను. రాత్రి రెండు గంటలకు పని ముగిసిన పిల్లవానికి ఇల్లు చేరుటకు బస్సు ఉండదు. ఈ రెండు అవసరములకే ఆ ధనము. "బావా, బండ్ల సంగతి నాకు తెల్వదు. నువ్వు దగ్గరుండి చూడు" అని బావగారు ఫోనులో చెప్పిరి. పిల్లవాడు అప్పటికే ఎర్రబండిని చూచి వచ్చి యుండెను.

వానిని తప్పుపట్టలేను. చాంద్రాయణగుట్ట పోవు దారిలో ఆ బండి నిలిపియున్న చోటికి నన్నును తీసికొని పోగా, నేనును అందులో కూర్చుంటిని. నా వయస్సు వానికి కూడ ఒక క్షణము మనస్సు చలించెను. కాలు ఇట్లు మోపినంతనే వీపు సీటుకు అంటుకొనునట్లు లాగును. ఆ బండి పేరు చెప్పను, అమ్మువాని పేరును చెప్పను. అట్టివి మన దేశమునకు కొన్ని వచ్చినవి. పోలో జి.టి. టి.ఎస్.ఐ. 2013లో వచ్చెను. అబార్తు పుంటో 2015లో వచ్చెను. వీనిలో పోలో తయారీ మన దేశమున 2022లో ముగిసెను. ఫియట్ కార్ల తయారీ అంతకు మునుపే నిలిచిపోయెను. కావున నేడు మన పిల్లలకు అవి దొరకుట పాతబండ్ల బజారులోనే. వాని మీద వ్యామోహమునకు ఇదియు ఒక కారణము.

మీకు ఎద్దుల సంగతి నాకంటె బాగుగా తెలియును. పందెమున పరుగెత్తిన కోడెను ముసలితనమున చవకగా కొని అరకకు కట్టినచో ఏమగునో మీరెరుగుదురు. దాని వెల తగ్గును గాని దాని మేత తగ్గదు. అలవాటుపడిన ఉలవలు పెట్టవలసినదే. వేగపు బండియు అంతే. పండ్రెండు లక్షల బండి అయిదున్నర లక్షలకు దిగినంత మాత్రమున, దాని టైరు ధర, బ్రేకు ధర, గేరుపెట్టె ధర సగమునకు దిగవు. అవి పండ్రెండు లక్షల బండి ధరలుగానే నిలిచియుండును. కొనునాడు మనము చూచునది అమ్మకపు వెల మాత్రమే. ఈ ఒక్క మాట పిల్లవాని మనస్సుకు ఎక్కించుటకే నాకు వారము దినములు పట్టినది.

మా వీధిలో ముప్పది ఏండ్లుగా బండ్లు బాగుచేయు ఉస్తాదు ఒకరున్నారు. పాతబస్తీలో మేస్త్రీని ఉస్తాదనుట మర్యాద. వారిని వెంటబెట్టుకొని మరునాడు మరల పోతిమి. వారు మొదట ఇంజను మూత ఎత్తలేదు. టైరు ప్రక్కన వంగి చూచిరి. ప్రతి టైరు మీదను నాలుగంకెలు అచ్చొత్తియుండును. మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు ఇరువది మూడవ వారమున తయారైనదని అర్థము. ఆ బండి మీటరు ముప్పది యెనిమిది వేల కిలోమీటర్లు చూపుచుండెను. టైర్లు నాలుగును బండికంటె అయిదేండ్లు చిన్నవి. ముప్పది యెనిమిది వేలకే మొదటి టైర్లు నాలుగును ఎట్లు అరిగిపోయినవని ఉస్తాదు అడిగిరి. అమ్మువాడు నవ్వెను. తరువాత క్లచ్చి పెడలు రబ్బరును, చేతిచక్రపు అంచును తడిమి చూపిరి. రెండును నునుపెక్కి మెరయుచుండెను. ఎద్దు నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టినట్లే యిది. మీటరు అంకెలను త్రిప్పువారు ఈ దినములలో తంత్రముతో త్రిప్పుదురు గాని, అరిగిన రబ్బరును మరల పెంచలేరు. కంపెనీ సర్వీసు కేంద్రములో బండి సంఖ్య చెప్పిన యెడల ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు వచ్చినదో పుస్తకములో దొరకును. దానిని అడుగుట కొనువాని హక్కు.

నడక తక్కువైనంత మాత్రమున బండి మంచిదనియు తలపరాదు. చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్ రాయిస్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా దానిని తెప్పించిరి. అది వచ్చుటకు ముందే, 1911లో, వారు గతించిరి. ఊరేగింపులకు తప్ప నడవనందున దాని మీటరు చూచినచో ఎంతో తక్కువ. దానిని ఎవరును రాత్రి ఉద్యోగమునకు వాడరు గదా! నిలిచియున్న బండిలో రబ్బరు ఎండును, నూనె చిక్కబడును, బ్యాటరీ చచ్చును.

ఇక అసలు సంగతి. ఉస్తాదు వెనుక సీటున కూర్చుండి నడుముపట్టీని, అనగా సీటు బెల్టును, మొదలంటువరకు లాగిరి. చివరి జానెడు భాగమున బూడిదరంగు చార ఒకటి అడ్డముగా నుండెను. ముందు సీటు క్రింది ఇనుప పట్టాలు తుప్పుపట్టి యుండెను. నేల తివాచీ మూల నెత్తి వ్రేలు పెట్టి చూచి, ఆ వ్రేలు నాకు చూపిరి. సన్నని ఒండ్రు. "సాబ్, ఇది నీళ్ళు తాగిన బండి" అనిరి.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి మా నగరమున ఏమి జరిగినదో మీలో పెక్కురు పత్రికలలో చదివియుందురు. ఒక్క దినమున సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసెను. పల్లెచెరువు కట్ట తెగి అలీనగరు, అల్ జుబైల్ కాలనీ ప్రాంతములు మునిగెను. కొన్ని దినములకు గుర్రంచెరువు కట్టయు తెగి హాఫిజ్ బాబా నగరు మీదికి నీరు వచ్చెను. 1908 నాటి మూసీ వరదను మా పెద్దలు చెప్పగా వింటిమి. దీనిని మేము కన్నులార చూచితిమి. సందులలో కార్లు ఒకదానిపై నొకటి ఎక్కి తేలియాడెను. ప్రాణములు పోయిన చోట కార్లను గూర్చి చెప్పుట చిన్నమాటయే. అయినను ఆ కార్లు ఏమైనవని తరువాత ఎవరును అడుగలేదు. అట్టి బండ్లను బీమా సంస్థలు పూర్తి నష్టముగా లెక్కగట్టి తుక్కు ధరకు వేలము వేయుట వాడుక. వానిని కడిగి, ఆరబెట్టి, రంగు వేసి మరల బజారునకు తెచ్చువారు కలరు. నేను చూచిన బండి ఆ వరదలోనే మునిగినదో, మరియొక నీటిలో మునిగినదో చెప్పజాలను. మునిగినదనుట మాత్రము నిజము.

మునిగిన బండి వెంటనే చెడదు. అదియే మోసము. ఈనాటి బండ్లలో, విశేషించి వేగపు బండ్లలో, సీట్ల క్రిందను నేల క్రిందను తీగెల ముళ్ళు, చిన్న చిన్న విద్యుత్తు పెట్టెలు ఉండును. గేరు ఎప్పుడు మారవలెనో, బ్రేకు ఎంత పట్టవలెనో, గాలి సంచి ఎప్పుడు విచ్చుకొనవలెనో ఇవి నిర్ణయించును. నీటి తేమ రాగితీగెను ఆరు నెలలు, సంవత్సరము తినుచు పోవును. ఒకనాటి రాత్రి ఆరాంఘరు దగ్గర బండి ఆగిపోవును. లేదా ఢీకొన్న నాడు గాలి సంచి విచ్చుకొనదు. బండి ఆగుటకు రూపాయలు చాలును. రెండవదానికి చాలవు.

నీరు త్రాగని మంచి వేగపు బండియే దొరికినదనుకొందము. అప్పుడైనను దాని లోపలి యంత్రము సంగతి కొంత తెలిసికొనవలెను. చిన్న ఇంజనునుండి పెద్ద బలము తీయుటకు టర్బో అను చక్రమును పెట్టుదురు. బయటికి పోవు పొగ దానిని త్రిప్పును. అది నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగుచు ఇంజనులోనికి గాలిని దట్టించును. ఇంత వేగమున తిరుగు ఇరుసును కాపాడునది పలుచని నూనెపొర మాత్రమే. నూనె సకాలమున మార్చనివాడు, చల్లని ఇంజనును ఒక్కసారిగా ఉరికించువాడు ఆ ఇరుసును తినివేయును. వేగపు బండిని మొదట కొన్నవాడు దానిని నెమ్మదిగా నడుపుటకు కొన్నాడని తలచుట కష్టము. జంట క్లచ్చిల గేరుపెట్టె ఉన్నచో అది చెడిన నాడు లక్షకు తక్కువ కాదని ఉస్తాదు చెప్పిరి. టైర్లును ఆ బండికి ఒక్కొక్కటి ఎనిమిది, తొమ్మిది వేలు. సాదా బండికి అందులో సగము.

పెట్రోలు సంగతియు ఇందే చెప్పవలెను. మేనల్లునికి రాకపోకలు నెలకు సుమారు వేయి కిలోమీటర్లు. మా సందులలో ఆ ఎర్రబండి లీటరుకు పదునొకండు కిలోమీటర్లకంటె ఇచ్చునట్లు లేదు. చిన్న క్రొత్తబండి పదునేడు ఇచ్చును. నేను లెక్క వ్రాసిన నాడు హైదరాబాదులో లీటరు 107 రూపాయలు. తేడా నెలకు సుమారు 3,400 రూపాయలు. మరియు ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలుపుచున్నారు. 2023లో మొదలై 2025 నాటికి ఇది దేశమంతటను వ్యాపించెను. 2023 ఏప్రిలు తరువాత తయారైన బండ్ల రబ్బరు గొట్టములు దీనికి తగినట్లు చేయబడినవి. అంతకు మునుపటి వానిలో కొన్ని రబ్బరు భాగములు త్వరగా మార్చవలసి రావచ్చును.

ఇంతకును ఆ బలమును ఎక్కడ వాడుదుము? చార్మినారు 1591లో కట్టబడెను. ఆ నాటి వీధులు పల్లకీలకును గుర్రములకును ఏర్పడినవి. శాలిబండనుండి మదీనా దాక సాయంకాలము నడిచి పోవువాడు కారుకంటె ముందు చేరును.

క్రొత్త సాదా బండిని గూర్చి జనులలో ఒక అపోహ కలదు. అలంకారములు లేనిది కావున రక్షణయు లేదనుకొందురు. పూర్వము అది కొంతవరకు నిజమే. 2019 ఏప్రిలునుండి అమ్ము క్రొత్త కార్లకు చక్రములు బిగిసి జారకుండ చేయు బ్రేకు ఏర్పాటు తప్పనిసరి. ఆ సంవత్సరము జూలై 1నుండి నడుపువాని ముందు గాలి సంచి, వేగము మించినచో కూయు గంట, నడుముపట్టీ పెట్టుకొననిచో కూయు గంట, వెనుకకు పోవునప్పుడు అడ్డము తెలుపు పరికరము తప్పనిసరి చేసిరి. 2022 మొదలుకొని తయారగు వానిలో ప్రక్కవానికిని గాలి సంచి ఉండవలెను. కావున ఎనిమిదేండ్ల నాటి మెరుగుల బండిలో ఉన్నవో లేవో వెదకవలసినవి, నేటి సాదా బండిలో చట్టము చేతనే ఉండును. ఇంజనుకూడ చాలవరకు అదే పేరుగల ఖరీదు బండిలోనిదే. తగ్గించినవి పాటల పెట్టె, వెనుక అద్దముల మీట, మెరయు చక్రములు. పాటల పెట్టెను తరువాత బజారున పెట్టించుకొనవచ్చును.

అట్లని క్రొత్తబండిలో నష్టము లేదనను. షోరూము గడప దాటిన నాడే దాని వెల తగ్గును. ప్రకటనలోని ధర చూచి మోసపోరాదు. మేము చూచిన బండి ధర 4,75,000. తెలంగాణమున 2022లో సవరించిన పట్టీ ప్రకారము అయిదు లక్షలలోపు కారుకు జీవితకాలపు పన్ను 13 శాతము, పది లక్షలలోపు దానికి 14 శాతము. కావున పన్నే 61,750. బీమా, రిజిస్ట్రేషను కలిపి మరి 35,000. వీధిలోనికి వచ్చుసరికి 5,71,750 అయినది. 2025 సెప్టెంబరు 22నుండి 1200 సి.సి.కి మించని, నాలుగు మీటర్లకు మించని చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. 28నుండి 18 శాతమునకు తగ్గినది. లేనిచో మా ఆరు లక్షలు చాలియుండవు. పాతబండికి ఆ రాష్ట్రముననే పన్ను కట్టియున్నచో మరల కట్టనక్కరలేదు. ఇది పాతదాని పక్షమున చెప్పవలసిన మాట. పరరాష్ట్రపు బండికి ఈ లాభము లేదు. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లపై నిషేధము వచ్చినందున అచ్చటి ఖరీదు బండ్లు చవకగా దక్షిణమునకు వచ్చినవి. ఆ చవకలో ఇచ్చటి పన్నును కలిపి చూచుకొనవలెను.

బీమాలో ఒక సూక్ష్మము. ఇతరులకు కలుగు నష్టమునకై తప్పక కట్టవలసిన బీమా ఇంజను పరిమాణమునుబట్టి 2022 జూన్ 1న నిర్ణయింపబడెను. వేయి సి.సి. లోపు ఏటికి 2,094 రూపాయలు, పదునైదు వందల లోపు 3,416, పైన 7,897. క్రొత్తబండికి మూడేండ్లకు ఒక్కసారిగా కట్టవలెను. పాతబండి కొన్నప్పుడు అమ్మినవాని బీమా మన బండి దెబ్బలకు తనంతట వర్తింపదు. పదునాలుగు దినములలో మన పేరునకు మార్పించుకొనవలెను. అతడు ప్రమాదములు లేక సంపాదించిన తగ్గింపు అతనితోనే పోవును, బండితో రాదు.

కాగితముల మాట ఇంకొంచెము చెప్పెదను. ఇది కొనువారికే గాక అమ్మువారికిని పనికివచ్చును. మీలో ట్రాక్టరో కారో అమ్మినవారు ఉందురు. 29, 30 సంఖ్యల ఫారములపై సంతకముచేసి ఇచ్చి, సొమ్ము పుచ్చుకొని, పని ముగిసినదనుకొందురు. ముగియలేదు. అమ్మినవాడు పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవాడు ముప్పది దినములలో తన పేరు వ్రాయించుకొనవలెను. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. బండి పలు చేతులు మారినను, రిజిస్ట్రేషను పుస్తకములో ఎవరి పేరున్నదో ప్రమాదపు పరిహారమునకు అతడే బాధ్యుడు అనెను. బండి అమ్మి రెండేండ్లయినవాడు, తాను చూడని ప్రమాదమునకు సొమ్ము చెల్లించుట ఎట్లుండునో ఊహింపుడు. పాతబండ్ల వ్యాపారి 2023 ఏప్రిలునుండి రవాణా శాఖ అధికారపత్రము కలిగియుండవలెను. ఆ పత్రమును చూపుమని అడిగిన మన దళారి మాట మార్చెను. బ్యాంకు అప్పు తీరినదను పత్రము, పోలీసు చలానాల బాకీ కూడ చూడవలెను. వేగపు బండ్ల మీద చలానాలు వేగముగానే పెరుగును.

పాతబండి అన్నింటికిని నేను విరోధిని కాను. నేను నడుపునది పాతదే. ఒకే యజమాని చేతిలో మూడు నాలుగేండ్లు నడిచిన సాదా బండిని సర్వీసు పుస్తకముతో సహా కొన్నవాడు క్రొత్తదానికంటె లాభపడును. వేగపు బండియే కావలెనన్నను, ఇంటిలో మరియొక బండి ఉండి, ధరలో ఆరవవంతు సొమ్ము మరమ్మతుకై ప్రక్కన పెట్టగలవాడు కొనవచ్చును. అది సరదాకు పెట్టు ఖర్చు. ఆ సంగతి వానికి తెలిసియుండిన చాలును. రాత్రి రెండు గంటలకు ఇల్లు చేరవలసిన, తల్లిని ఆసుపత్రికి చేర్చవలసిన ఒక్క బండి మాత్రము అది కారాదని నా అభిప్రాయము. ఈ మాట చెప్పినప్పుడు మేనల్లుడు చాలసేపు పలుకలేదు. తరువాత, "మామయ్యా, తెల్లరంగు కాకుండ వేరేది దొరుకుతుందేమో అడుగుదామా?" అనెను.

దొరకలేదు. తెల్లదే తెచ్చుకొంటిమి. మిగిలిన ఇరువదియెనిమిది వేలు నా పట్టుమీద బ్యాంకులో వేసెను. లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారి గుడి ముందర కొబ్బరికాయ కొట్టిన దినమున ఉస్తాదు కూడ వచ్చిరి. చూచిపెట్టినందుకు కూలి పుచ్చుకొనలేదు. మొదటి నూనె మార్పు కంపెనీవారు చేయుదురని తెలిసియు, ఒకసారి తన వద్దకు తీసికొని రమ్మనిరి. అక్కగారు మాత్రము పాటలు లేవని చిన్నబుచ్చుకొనిరి.

పది దినముల పిమ్మట చాంద్రాయణగుట్ట దారిన పోవుచు చూచితిని. ఎర్రబండి అచ్చట లేదు. ఎవరు కొనిరో తెలియదు. సీటు బెల్టు చివరివరకు లాగి చూచిరో లేదో అదియు తెలియదు.